కొత్త పోర్టబుల్ క్లాస్‌రూమ్‌లు వస్తున్నాయి, సప్లయర్‌ని ఏమేం అడగాలి?

ఆరో_తరగతి_టీచర్

అందరికీ నమస్కారం. 4 ఏళ్లుగా నేను పాఠం చెప్పేది పోర్టబుల్ గదిలోనే. రెండు ముక్కలుగా లారీ మీద తెచ్చి, స్కూల్ మైదానం చివర దిమ్మెల మీద నిలబెట్టి, మధ్యలో అతుకు వేసి బిగించిన గది. పిల్లలు 32 మంది. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌కి పైకప్పు నుంచి వేడి దిగుతుంటుంది, పిల్లల తలలు ఒక్కొక్కటిగా బల్లల మీదకి వాలిపోతుంటాయి. గోడకి బిగించిన ఏసీ వేస్తే ఆ మోతకి నా గొంతు వెనక వరస దాకా పోదు, ఆపేస్తే పది నిమిషాల్లో ఉక్కపోత. మొన్న డిక్టేషన్‌లో "కరువు" అన్నాను. ముందు వరసల వాళ్లు సరిగ్గానే రాశారు. వెనక వరసలో ముగ్గురు "బరువు" అని రాశారు, ఒకమ్మాయి "పరువు" అని రాసింది. వాళ్లకి ఆ మాట రాక కాదు, వినపడక. మార్కులు తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇప్పుడు ఇంకో 2 గదులు వస్తున్నాయి, కమిటీలో నన్నూ వేశారు. సప్లయర్ ఇచ్చిన కాగితంలో ప్యానెల్ మందం, ఏసీ టన్నులు, ఎన్ని రోజుల్లో బిగిస్తారు, ఇవే ఉన్నాయి. ఇంకేం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఈసారి కూడా ఇలాంటి గదే వస్తుందేమోనని నిజంగా టెన్షన్‌గా ఉంది.

చూరు_కింద

మేడమ్, నేను ఆర్కిటెక్ట్‌ని, ఇలాంటి గదులు కొన్నిటికి డ్రాయింగులు వేశాను. మొదట కప్పు సంగతి చూడండి. ఒక అంతస్తు గదిలో ఎండ ఎక్కువగా పడేది కప్పు మీదే. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు పడతాయి, ముదురు రంగు రేకు అందులో 90 శాతం దాకా పీల్చుకుంటుంది, తెల్లటి కూల్ రూఫ్ పూత కొత్తగా ఉన్నప్పుడు 20, 30 శాతమే పీల్చుకుంటుంది. దుమ్ము పట్టాక ఆ తేడా కొంత తగ్గుతుంది కాబట్టి కడగడానికి వీలుందో లేదో కూడా అడగండి.

ఇక ప్యానెల్ మందం. మందం ఒక్కటే చెప్తే చాలదు, లోపల ఏముందో చెప్పాలి. 50 మిల్లీమీటర్ల థర్మాకోల్ ప్యానెల్ యూ-విలువ 0.64 దగ్గర ఉంటే, అదే మందంలో పఫ్ (పాలియురిథేన్ నురుగు) ప్యానెల్‌ది 0.43 దగ్గర ఉంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే వేడి అంత తక్కువగా దాటుతుంది. పైకప్పుకి 100 మిల్లీమీటర్ల పఫ్ అడగండి, 0.22 దాకా వస్తుంది. కానీ అసలు మోసం ఫ్రేమ్ దగ్గర జరుగుతుంది. గ్లాస్ వూల్‌తో (గాజు పీచు) పోలిస్తే ఉక్కు వేయి రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. స్టీల్ నిలువు కమ్మీల మధ్యలో ఊల్ కుక్కి, కమ్మీల మీదే లోపలి రేకూ బయటి రేకూ బిగిస్తే, కాగితం మీద ఉన్న ఇన్సులేషన్‌లో సగం గాలికి పోయినట్టే. కమ్మీకీ బయటి రేకుకీ మధ్య ఆగకుండా సాగే ఇన్సులేషన్ పొర ఉందా అని అడగండి. తడబడ్డారంటే లేదని అర్థం.

డక్టు_పనివాడు

పైన సార్ చెప్పింది కరెక్టే, కానీ మొదట చూడాల్సింది కప్పు కాదని నేను అంటాను. 18 ఏళ్లుగా ఏసీ, వెంటిలేషన్ పని చేస్తున్నాను. క్లాస్‌రూమ్ అంటే ఇల్లు కాదు, ఆఫీసూ కాదు, అంత చిన్న చోట అంతమంది మనుషులుండే గది ఇంకోటి దొరకడం కష్టం. కుదురుగా కూర్చున్న ఒక్కో పిల్లాడి ఒంటి నుంచి సుమారు 75 వాట్ల వేడి వస్తుంది. 32 మందికి 2400 వాట్లు. అంటే గది లోపల పెద్ద హీటర్ ఒకటి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగుతున్నట్టు. గోడలు ఎంత మందంగా కట్టినా ఆ వేడి లోపలే పుడుతుంది.

వేడి సంగతి అలా ఉంచితే గాలి సంగతి ఇంకా ముఖ్యం. చాలామంది టీచర్లు అనుకునేదేంటంటే ఏసీ వేస్తే కొత్త గాలి వస్తుందని. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని ఒక్క చుక్క కూడా తేదు, లోపలున్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కాబట్టి సప్లయర్‌ని టన్నులు కాదు, మనిషికి సెకనుకి ఎన్ని లీటర్ల బయటి గాలి ఇస్తారో అడగండి. 7.5 లీటర్లు అడిగితే మీతో కలిపి 33 మందికి సెకనుకి 250 లీటర్లు, అంటే గంటకి 900 ఘనపు మీటర్లు. అలా ఇస్తే గదిలో కార్బన్ డయాక్సైడ్, అంటే మనం ఊపిరితో వదిలేది, 950 పీపీఎం (పది లక్షల పాళ్లలో 950 పాళ్లు) దగ్గర నిలబడుతుంది. బయట 420 ఉంటుంది.

మీ దగ్గర కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఉంటే ఒక పీరియడ్ కొలిచి చూడండి మేడమ్.

ఆరో_తరగతి_టీచర్

సైన్స్ టీచర్ దగ్గర మీటర్ ఉంటే అడిగి తెచ్చాను. తలుపూ కిటికీలూ మూసి ఏసీ వేసి, నా బల్ల మీద కాకుండా గది మధ్యలో పిల్లల తల ఎత్తులో పెట్టాను. పీరియడ్ మొదలయ్యేటప్పుడు 450. 45 నిమిషాలయ్యాక 1740. నేనే నమ్మలేక రెండో రోజు మళ్లీ కొలిచాను, 1690 వచ్చింది. విరామంలో పిల్లలు బయటికి వెళ్లాక తలుపూ, రెండు పక్కల కిటికీలూ తెరిచి పెడితే పది నిమిషాల్లో 900కి దిగింది. ఇన్నాళ్లూ మధ్యాహ్నం పిల్లలు కునికిపాట్లు పడుతుంటే తిండి తిన్నాక వచ్చే మత్తు అనుకుని లేపి నిలబెట్టేదాన్ని. ఈ అంకెలు చూశాక చాలా బాధేసింది.

డక్టు_పనివాడు

మీ తప్పేం లేదు మేడమ్, ఆ గదిలో బయటి గాలి వచ్చే దారే పెట్టలేదు. లెక్క కూడా సరిగ్గా సరిపోతోంది. 89 చదరపు మీటర్ల గది, 2.6 మీటర్ల ఎత్తు అనుకుంటే అసలు గాలి మారకపోతే గంటకి 2000 పీపీఎం పైన పెరగాలి. మీకు కొంచెం తక్కువ పెరిగిందంటే అతుకుల సందుల్లోంచి అంతో ఇంతో గాలి వస్తోందన్నమాట.

లెక్క_చూసేవాడిని

నేను వేరే స్కూల్ కమిటీలో డబ్బు లెక్కలు చూస్తాను, అవతలి పక్క మాట కూడా వినండి. ఇవి తాత్కాలిక గదులు. పక్కా భవనం లేచేదాకా 5 ఏళ్లు నెట్టుకురావడానికి తెచ్చేవి. దానికి యూ-విలువలు, అంత గాలి, ఇంత నిశ్శబ్దం అని పెట్టుకుంటూ పోతే పక్కా గది ఖర్చే అవుతుంది, అప్పుడు పోర్టబుల్ ఎందుకు?

పాత_షెడ్డు_టీచరమ్మ

అయ్యా, మా స్కూల్‌లో "తాత్కాలికంగా" తెచ్చిన గదిలో నేను చేరినప్పుడు పాఠం చెప్పాను, ఇప్పుడు రిటైర్ అవడానికి 2 ఏళ్లుంది, ఆ గది ఇంకా అక్కడే ఉంది. అప్పటి పిల్లల పిల్లలు ఇప్పుడు అందులో కూర్చుంటున్నారు. 5 ఏళ్లని చెప్పి తెచ్చిన గది 5 ఏళ్లకి వెళ్లిపోవడం నా కళ్లతో ఒక్కసారీ చూడలేదు.

చూరు_కింద

టీచరమ్మగారు చెప్పింది ఎక్కడికెళ్లినా కనిపించేదే. సరిగ్గా చూసుకుంటే ఈ గదులు 20, 30 ఏళ్లు నిలుస్తాయి, కాబట్టి కొన్న ధర ఒక్కటే కాకుండా అన్నేళ్ల కరెంటు బిల్లు కూడా కలిపి పోల్చాలి. మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. పైగా ఇన్సులేషన్, గాలి దారి అనేవి ఫ్యాక్టరీలో వేసేటప్పుడు చవక, బిగించాక గోడ విప్పి వేయాలంటే తడిసి మోపెడవుతుంది.

లెక్క_చూసేవాడిని

ఒప్పుకుంటాను. 20 ఏళ్ల కరెంటు నేను లెక్కలో వేయలేదు.

చెవి_పెట్టి_వినండి

ఈ చర్చలో మేడమ్ మొదట చెప్పిన "కరువు, బరువు, పరువు" దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే నాకు అదే అన్నిటికన్నా పెద్ద సమస్యగా కనిపిస్తోంది. శబ్దం మీద పనిచేసేవాణ్ని. ఆ మూడు మాటల్లో తేడా మొదటి హల్లు ఒక్కటే, మిగతాదంతా ఒకటే. మెషిన్ మోతలో మొదట మునిగిపోయేవి ఆ హల్లులే, అచ్చులు గట్టిగా ఉంటాయి కాబట్టి తేలుతాయి. పెద్దవాళ్లం అయితే మిగతా వాక్యాన్ని బట్టి ఊహించుకుంటాం, పిల్లలకి అన్ని మాటలు ఇంకా తెలియవు కదా, వాళ్లు ఊహించలేరు.

అమెరికా ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ ఎస్ 12.60 ప్రకారం ఖాళీ క్లాస్‌రూమ్‌లో మెషిన్లు నడుస్తుండగా శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదు, మామూలు సైజు గదిలో ప్రతిధ్వని 0.6 సెకన్లకి మించకూడదు. పోర్టబుల్ గదులకి అందులో విడిగా ఒక భాగమే ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పోర్టబుల్ క్లాస్‌రూమ్‌ల మీద ప్రభుత్వం పెద్ద సర్వే చేయించి 2004లో రిపోర్టు ఇచ్చింది. అందులో తేలిన వాటిలో ఒకటి, మోత భరించలేక టీచర్లు మెషిన్‌ని ఆపేస్తున్నారని. అక్కడ బయటి గాలిని తెచ్చేదీ ఆ మెషినే, అది ఆగితే గాలీ ఆగిపోతుంది. అంటే శబ్దం సమస్యని వదిలేస్తే గాలి సమస్య కూడా తీరదు. ఎంత గొప్ప మెషిన్ పెట్టినా టీచర్ స్విచ్ ఆపేశాక అది లేనట్టే లెక్క. అందుకే నేను అడిగేది ఒక్కటే, పాఠం జరుగుతుండగా ఆపాల్సిన అవసరం రాని మెషిన్ ఇవ్వండి అని.

డక్టు_పనివాడు

నూటికి నూరు పాళ్లు నిజం. గోడకి బిగించే ప్యాకేజీ మెషిన్‌లో కంప్రెసర్, ఫ్యాను రెండూ అదే డబ్బాలో ఉంటాయి, పల్చటి గోడకి వేలాడదీస్తే గోడ మొత్తం డోలులా మోగుతుంది. కంప్రెసర్ బయట వేరే దిమ్మె మీద, రబ్బరు మెత్తల మీద ఉండాలి, గోడకి తగలకూడదు. డక్టు, అంటే గాలి వచ్చే గొట్టం, వెడల్పు చేయించండి. అదే గాలి వెడల్పాటి దారిలో నెమ్మదిగా పోతే, వేగం సగానికి తగ్గినప్పుడు గాలి రాపిడి శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. సప్లయర్లు ఇక్కడే పొదుపు చేస్తారు, సన్న డక్టులో గాలిని తోసేస్తారు, అదే ఆ "స్స్" శబ్దం.

పొడి ఎండల ప్రాంతమైతే ఇంకో దారి ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు 2000ల మొదట్లో పోర్టబుల్ గదుల్లోనే రెండంచెల ఎవాపరేటివ్ కూలింగ్ (నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరిచే పద్ధతి) పెట్టి చూశారు. అది నడుస్తున్నంతసేపూ బయటి గాలినే చల్లబరిచి లోపలికి పంపుతుంది కాబట్టి గాలి కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు, కరెంటూ తక్కువే. చెమ్మ ఎక్కువ ఉన్నచోట మాత్రం పనికిరాదు, అలాంటి చోట దాని జోలికి పోకండి.

డ్రాయింగ్_బోర్డు

ఆర్కిటెక్చర్ మూడో ఏడాది చదువుతున్నాను. పాత షిప్పింగ్ కంటెయినర్‌తో చేస్తే రీయూజ్ అవుతుంది కదా సార్?

చూరు_కింద

బాబూ, కంటెయినర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు. ఇన్సులేషన్ వేశాక ఇంకా తగ్గుతుంది. అందులో బల్లలు వేస్తే బస్సులా అవుతుంది, వెనక పిల్లాడికీ బోర్డుకీ మధ్య 10 మీటర్లు. రెండు మూడు కంటెయినర్లు కలపాలంటే పక్క గోడలు కోయాలి, దాని బలమంతా ఆ గోడల్లోనే ఉంది, మళ్లీ దూలాలు పెట్టాలి. స్టోర్ రూమ్‌కి బాగుంటుంది, క్లాస్‌కి వద్దు.

నువ్వు చూడాల్సినవి వేరే ఉన్నాయి. అమెరికాలో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల సేజ్ క్లాస్‌రూమ్ చూడు, పెద్ద కిటికీలు, మంచి గాలి, తక్కువ కరెంటు అన్నవి మామూలు పోర్టబుల్ గది కొలతల్లోనే సాధించాలని పట్టుబట్టి చేశారు. హవాయిలో ఈవా బీచ్ దగ్గర ఒక స్కూల్లో పెట్టిన పోర్టబుల్ గది కూడా చూడు. కప్పు రంపపు పళ్లలా ఉంటుంది, పంటికి ఒక పక్క ఉత్తరపు వెలుతురు దిగే అద్దం, రెండో పక్క సోలార్ ప్యానెల్. వాడుకునేదానికన్నా ఎక్కువ కరెంటు తయారు చేసేలా గీశారు.

చలిదేశం

మాది చలి ఎక్కువగా ఉండే చోటు, మా బాధ వేరు. గది దిమ్మెల మీద నిలబడి ఉంటుంది కాబట్టి నేల కింద చల్లగాలి ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుపోతుంది. గోడ మీది థర్మోస్టాట్ 21 డిగ్రీలు చూపిస్తుంది, కానీ చిన్నపిల్లలు కథ వినడానికి నేల మీద కూర్చుంటే కాళ్లు ముడుచుకుంటారు. థర్మోస్టాట్ పెద్దవాళ్ల భుజం ఎత్తులో ఉంటుంది, పిల్లలు ఉండేది నేల దగ్గర. కాబట్టి నేల కింది ఇన్సులేషన్ గురించి విడిగా అడగండి. చుట్టూ అంచు రేకు వేసేటప్పుడు గాలి ఆడే కన్నాలు ఉంచాలి, మట్టి మీద ప్లాస్టిక్ షీట్ పరచాలి, లేకపోతే చెమ్మ పైకెక్కి నేల చెక్కకి బూజు పడుతుంది. మా గదిలో అదే జరిగింది, ఒక మూల చెక్క మెత్తబడి బల్ల కాలు దిగబడేదాకా ఎవరూ చూడలేదు.

డక్టు_పనివాడు

చలిచోటుకీ ఎండచోటుకీ ఇద్దరికీ పనికొచ్చేది ఒకటుంది, ఎనర్జీ రికవరీ వెంటిలేటర్. బయటికి పోయే గాలి, లోపలికి వచ్చే గాలి కలవకుండా ఒకదాని పక్కన ఒకటి పోతూ వేడిని మార్చుకుంటాయి. బయట 38, లోపల 26 డిగ్రీలు ఉన్నప్పుడు ఇందాక చెప్పిన 250 లీటర్ల గాలిని చల్లబరచడానికే 3600 వాట్ల భారం పడుతుంది, చెమ్మ లెక్క వేరే. 70 శాతం పనితనం ఉన్న మెషిన్ అందులో 2500 దాకా మిగులుస్తుంది. "ఎక్కువ గాలి కావాలంటే బిల్లు పెరుగుతుంది" అని సప్లయర్ అంటే చెప్పాల్సిన జవాబు ఇది.

ఫిల్టర్ మార్చడానికి నిచ్చెన ఎక్కకుండా చెయ్యి అందేలా ఉందో లేదో చూడండి. చెయ్యి అందని ఫిల్టర్‌ని ఎవరూ మార్చరు.

ఇద్దరు_పిల్లల_అమ్మ

మా అబ్బాయి స్కూల్లో కొత్త పోర్టబుల్ గది వచ్చాక నెల రోజులు కళ్లు మండుతున్నాయని ఏడ్చేవాడు. కొత్త వాసన, పోతుందిలే అన్నారు. నిజంగా పోతుందా?

చూరు_కింద

ఆ వాసనలో పార్టికల్ బోర్డు, ప్లైవుడ్ జిగురుల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు ఉండొచ్చమ్మా. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది కానీ గది వేడెక్కినా చెమ్మ పెరిగినా మళ్లీ ఎక్కువగా వస్తుంది, అందుకే సెలవుల్లో మూసి ఉంచి తెరిచిన రోజున గుప్పుమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి అరగంట సగటుకి ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము. తక్కువ ఉద్గారాల బోర్డులే వాడాలని ఆర్డర్‌లో రాయించాలి, బోర్డు అంచులు తెరిచి వదిలేయకుండా పట్టీ వేయించాలి, పిల్లలు అడుగుపెట్టే ముందు కొన్ని వారాలు వెంటిలేషన్ రాత్రింబగళ్లు నడపాలి. రూమ్ ఫ్రెష్‌నర్ మాత్రం కొట్టనివ్వకండి, అది ఇంకో రసాయనం కలపడమే.

పాత_షెడ్డు_టీచరమ్మ

ఇంకో చిన్న మాట. ఒక ఆదివారం పని మీద స్కూల్‌కి వెళ్తే నా గదిలో ఏసీ నడుస్తోంది. శుక్రవారం సాయంత్రం హడావిడిలో మరిచిపోయాను, రెండు రోజులు ఖాళీ గదిని చల్లబరిచింది. టీచర్ల జ్ఞాపకం మీద వదిలేయకుండా టైమరూ, మనుషులున్నారో లేదో చూసే సెన్సరూ పెట్టించండి. కానీ గాలి ఫ్యాన్ మాత్రం పిల్లలు రావడానికి గంట ముందే మొదలవ్వాలి.

ఆరో_తరగతి_టీచర్

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నిన్న సప్లయర్ తన యార్డులో నమూనా గది చూపించారు. నేను డిక్టేషన్ పుస్తకం తీసుకెళ్లాను. మెషిన్ పూర్తి వేగంలో వేయమని, కమిటీలో నలుగురినీ వెనక వరసలో కూర్చోబెట్టి, క్లాసులో ఎంత గొంతుతో చెప్తానో అంతే గొంతుతో ఇరవై మాటలు చెప్పాను. మా హెడ్మాస్టర్ గారికి ఆరు తప్పులు వచ్చాయి. "కరువు"ని ఆయన కూడా "బరువు" అనే రాశారు. ఆ కాగితం కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు, తర్వాత మెషిన్ మార్చకుండా సంతకం పెట్టేది లేదని సప్లయర్‌కి ఆయనే చెప్పారు. కంప్రెసర్ బయటికి, డక్టు వెడల్పు, రికవరీ వెంటిలేటర్, 35 డెసిబెల్స్, మనిషికి 7.5 లీటర్లు, బిగించాక కొలిచి చూపించాకే చివరి చెల్లింపు, ఇవన్నీ ఆర్డర్‌లో రాయించాం.

ఒక్కటి మిగిలింది. మైదానంలో గదిని ఏ దిక్కుకి పెట్టాలి? కిటికీలు రెండు పొడుగు గోడలకి ఉన్నాయి.

చూరు_కింద

పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం చూసేలా పెట్టండి. తూర్పు, పడమర ఎండ వాలుగా వస్తుంది, చూరు ఎంత ముందుకి జరిపినా ఆగదు. దక్షిణపు ఎండ ఎత్తు నుంచి వస్తుంది, చూరు ఆపుతుంది. మీరు భూమధ్యరేఖకి దక్షిణాన ఉంటే దక్షిణపు ఎండని ఉత్తరపు ఎండగా చదువుకోండి. బోర్డు పొట్టి గోడకి ఉంటే వెలుతురు పిల్లలకి పక్క నుంచి పడుతుంది, బోర్డు మీద మెరుపు రాదు. ఇంకోటి, ఇది పోర్టబుల్ గది, రేపు వేరే చోటుకి తీసుకెళ్తే దిక్కు మారిపోతుంది. అందుకని చూరుని గోడకి వెల్డింగ్ చేయించకుండా బోల్టులతో, నాలుగు గోడల్లో ఎటైనా బిగించుకునేలా అడగండి.

ఆరో_తరగతి_టీచర్

బోల్టుల చూరు కూడా ఆర్డర్‌లో కలిపిస్తాను. గది వచ్చాక వెనక వరసలో అదే డిక్టేషన్ మళ్లీ పెట్టి, పిల్లలకి ఎన్ని మాటలు వినపడ్డాయో ఇక్కడ రాస్తాను.